కడలి అడుగున కరెంటు గాదె

"సముద్రం అడుగున ఇంతింత లావు కాంక్రీటు గోళాలు దించి, వాటిలో కరెంటు దాచిపెడతారని మా అబ్బాయి చెబుతున్నాడు. ఇది నిజమేనా, లేక నన్ను ఆట పట్టిస్తున్నాడా?" అని జయనగరం నుంచి ఒక సోదరి వ్రాశారు. అబ్బాయి ఆట పట్టించడం లేదు. ప్రయోగాలు జరిగిన మాట వాస్తవం. అయితే ప్రయోగానికీ, మన ఇంట్లో దీపం వెలగడానికీ మధ్య ఎంత దూరమున్నదో, ఆ దూరంలో ఏమేమి అడ్డుపడుతున్నవో ఈ నెల చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న విషయం. కరెంటును కరెంటుగా ఎవరూ దాచలేరు. వడ్లను గాదెలో పోసినట్లు యూనిట్లను పోసి మూత వేయడానికి వీలులేదు. దాచాలంటే దానిని మరొక రూపంలోకి మార్చాలి. బ్యాటరీలో రసాయనంగా మారుతుంది. నీటిని పైకెత్తి పెడితే ఎత్తుగా మారుతుంది. మన మేడమీద తొట్టి ఉన్నది చూశారూ, అదీ ఒక కరెంటు గాదే. వెయ్యి లీటర్ల నీరు పది మీటర్ల ఎత్తున ఉంటే, అది దిగేటప్పుడు ఇవ్వగలిగిన శక్తి ఎంతో తెలుసా? తొమ్మిది వాట్ల బల్బు ఒకటి మూడు గంటలు వెలిగేంత. అంతే! ఒక్క యూనిట్ కావాలంటే వంద మీటర్ల ఎత్తు నుంచి దాదాపు నాలుగు వేల లీటర్లు దూకాలి. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

ఇంత శ్రమపడి దాచవలసిన పని ఏమొచ్చిందంటారా? పావగడ వైపు చూడండి. తుముకూరు జిల్లాలోదే అయినా, అనంతపురం సరిహద్దును ఆనుకొని ఉన్న తాలూకా అది. అక్కడి పల్లెల్లో తెలుగు వినిపించని వీధి ఉండదు. వానలు లేక అల్లాడిన ఆ ప్రాంతంలో రైతులు సుమారు 13,000 ఎకరాలు కౌలుకిచ్చారు. దాని మీద 2050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2019 నాటికి పూర్తయింది. వేరుశనగ వేసిన చేలల్లో ఇప్పుడు ఎండ పండుతున్నది. పంట బ్రహ్మాండం, కాని అంతా మిట్టమధ్యాహ్నం ఒక్కసారిగా కోతకు వస్తుంది. సాయంకాలం ఆరు దాటిందా, చేను ఖాళీ. బెంగుళూరులో ఇళ్లకు చేరి దీపాలు, ఫ్యాన్లు, గీజర్లు, కుక్కర్లు అన్నీ వేసేది సరిగ్గా అప్పుడే. మధ్యాహ్నపు పంటను రాత్రికి ఎలా చేర్చడం? ప్రశ్నంతా ఇదే.

ఈ ప్రశ్న ఈ ఊరికి కొత్తది కాదు. 1902 జూన్ నెలలో శివనసముద్రం జలపాతం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్లింది. 1905 ఆగస్టులో బెంగుళూరు వీధిదీపాలు వెలిగాయి. గనుల్లో మోటారు ఆగితే దిగువనున్న కూలీలకు ప్రాణగండం. ఆ కూలీల్లో తెలుగువారు, తమిళులే ఎక్కువ. కాని ఎండకాలం వస్తే కావేరిలో నీరు సన్నగిల్లేది. గనులకు ఎడతెగని కరెంటు కావాలంటే నీటిని వానాకాలంలో పట్టి ఉంచాలన్నది కన్నంబాడి ఆనకట్టకు ఒక ముఖ్య కారణం. 1911లో ఆ పని మొదలైంది. దాని వెనుకనున్న చీఫ్ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన పూర్వుల ఊరు మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండమన్న సంగతి ఈ పత్రిక చదివే ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సాగుకు నీరు ఎంత ముఖ్యమో, వేసవి కరెంటును దాచడమూ అంతే ముఖ్యమనుకొని కట్టిన గాదె అది.

ఇక్కడొక వేడుక చెప్పాలి. ఆ శివనసముద్రానికి దగ్గరలోనే ఉన్న తొరెకాడనహళ్లి నుంచి ఇప్పుడు మన ఊరికి కావేరి నీరు వస్తున్నది. మూడు దశల్లో పంపులు పెట్టి సుమారు 500 మీటర్లు ఎత్తుతున్నారు. ఒకనాడు మనకు కరెంటునిచ్చిన చోటే ఈనాడు కరెంటు తాగి నీళ్లిస్తున్నది. ఎక్కిన నీరు మళ్లీ ఆ దారిన దిగదు గనుక దీనిని గాదె అనలేం, ఖర్చు అనాలి.

ఎక్కించిన నీటిని దింపి కరెంటు రాబట్టుకునే పద్ధతి వేరే ఉన్నది. ఎగువన ఒక జలాశయం, దిగువన ఒక జలాశయం, నడుమ రెండు వైపులా తిరగగల యంత్రం. కరెంటు మిగిలినప్పుడు అది పంపుగా తిరిగి నీటిని పైకెత్తుతుంది. కొరత వచ్చినప్పుడు టర్బైనుగా తిరిగి కరెంటునిస్తుంది. వంద యూనిట్లు పెడితే డెబ్బై అయిదో, ఎనభయ్యో తిరిగి వస్తాయి. వడ్లు దంపితే తరుగు పోదా? అలాగే ఇదీ.

మన నాగార్జునసాగర్‌లో సరిగ్గా ఇటువంటి యంత్రాలే ఉన్నాయి. 1955 డిసెంబరులో నెహ్రూగారు పునాదిరాయి వేసిన ఆ ఆనకట్ట పాదం దగ్గర విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాలు. వాటిలో ఏడు, ఒక్కొక్కటి వంద మెగావాట్లకు కొంచెం పైన, రెండు వైపులా తిరగగలవి. 1980 తర్వాత కొన్నేళ్లలో ఇవన్నీ అమర్చారు. అమర్చారు గాని, నీటిని వెనక్కి తోడాలంటే దిగువన నీరు నిలిచి ఉండాలి గదా! ఆనకట్ట దిగిన కృష్ణ ఆగదు, పులిచింతల వైపు సాగిపోతుంది. దిగువన దాదాపు 21 కిలోమీటర్ల దూరంలో సత్రశాల దగ్గర ఒక చిన్న ఆనకట్ట కట్టి నీటిని నిలబెట్టాలన్నది ఏర్పాటు. ఆ చిన్న ఆనకట్ట 2010 దాటితే గాని నిలబడలేదు. అంటే దాదాపు ముప్ఫై ఏళ్లు, పంపుగా తిరగగల యంత్రాలు పంపుగా తిరగలేక, ఒకే వైపు తిరుగుతూ ఉండిపోయాయి. తోడే చేద ఉన్నది, బావే లేదు!

తీరా ఆనకట్ట లేచిన తర్వాత 2014లో రాష్ట్రం రెండయింది. పెద్ద యంత్రాలున్న విద్యుత్ కేంద్రం తెలంగాణ పాలయింది, దిగువ చెరువు దగ్గరి కేంద్రం ఆంధ్రప్రదేశ్ పాలయింది. గాదె తలుపు ఒకరి చేతిలో, అడుగు పలక మరొకరి చేతిలో. ఇందులో ఎవరి తప్పెంతో తేల్చడం ఈ శీర్షిక పని కాదు. నేను చెప్పదలచుకున్నదల్లా ఒక్కటే. నీటితో కరెంటు దాచే పనిలో యంత్రం చెయ్యడం తేలికైన భాగం. దిగువ తొట్టిని సంపాదించడం కష్టమైన భాగం. సముద్రపు గోళాల సంగతి ఈ కంటితో చూస్తేనే అర్థమవుతుంది.

ఇక సోదరి అడిగిన గోళాల దగ్గరకు వద్దాం. 2011లో ఇద్దరు జర్మన్ భౌతికశాస్త్ర ఆచార్యులు, హోర్స్ట్ ష్మిట్-బోకింగ్, గెర్హార్డ్ లూథర్ అనేవారు, ఒక ఆలోచన చేశారు. ఎగువ జలాశయం కోసం కొండ వెతకడమెందుకు, సముద్రమే ఎగువ జలాశయం అనుకుందాం. దాని అడుగున ఒక బోలు గోళం పెడితే ఆ బోలుతనమే దిగువ జలాశయం. కరెంటు మిగిలినప్పుడు గోళంలోని నీటిని పంపుతో బయటకు తోడివేయాలి. కావలసినప్పుడు తూము తెరిస్తే సముద్రం తన బరువుతో లోపలికి దూకుతుంది, దారిలో టర్బైనును తిప్పుతుంది. ఊరు మునగదు, అడవి మునగదు, పునరావాసం ఊసు లేదు. ఎంత ముచ్చటైన ఆలోచన!

జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థవారు 2016 నవంబరులో మూడు మీటర్ల వ్యాసమున్న గోళాన్ని కాన్‌స్టాన్స్ సరస్సులో వంద మీటర్ల లోతుకు దించారు. నాలుగు వారాలు నింపారు, తోడారు. పనిచేసింది. అసలు గోళం మాత్రం ముప్ఫై మీటర్ల వ్యాసంతో, 700 మీటర్ల లోతున ఉండాలని వారి లెక్క. అంటే పది అంతస్తుల మేడంత బంతి. అది ఒక్కసారి నిండితే వచ్చేది సుమారు 20 మెగావాట్-గంటలు, అంటే ఇరవై వేల యూనిట్లు. ఇల్లొక్కంటికి రాత్రికి నాలుగు యూనిట్లు వేసుకుంటే అయిదు వేల ఇళ్లకు ఒక రాత్రి.

బాగానే ఉన్నది గదా అనిపిస్తుంది. పావగడ కేంద్రం పూర్తి బలంతో ఒక్క గంట పండించినది దాచాలంటే ఇటువంటివి వంద కావాలి. ఇందాకటి లెక్క కూడా తీయండి. సాగర్ వంటి చోట ఒక్క టీఎంసీ నీరు వంద మీటర్లు దిగితే తరుగు పోను 70 లక్షల యూనిట్ల దాకా వస్తాయి. దానికి సమానం కావాలంటే 350 గోళాలు.

సంఖ్య అలా ఉంచండి, ఒక్క గోళాన్ని నిలబెట్టడమే ఎంత పని! ఖాళీ బిందెను బావిలో మూతి పైకి పెట్టి ముంచబోతే అది చేతిని పైకి తంతుందని మన ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. ముప్ఫై మీటర్ల బోలు గోళం నుంచి నీరంతా తోడివేస్తే, అది తొలగించిన నీటి బరువంత బలం దానిని పైకి తంతుంది. లోపలి బోలు ఒక్కటే పధ్నాలుగు వేల టన్నులకు మించిన తాపు. మేకులతో కట్టి ఉంచుదామంటే సముద్రం అడుగున మేకులు దిగేదెక్కడ? అందుచేత గోళమే అంతకంటే బరువుగా ఉండాలి. గోడలు రెండు మూడు మీటర్ల మందం, మొత్తం బరువు ఇరవై వేల టన్నుల చుట్టుపక్కల. పిండికొద్దీ రొట్టె అన్నట్లు కాంక్రీటుకొద్దీ కరెంటు.

ఆ మందం మరొకందుకు కూడా కావాలి. నీటిలో పది మీటర్లు దిగినకొద్దీ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. 700 మీటర్ల దగ్గర అరచేయంత చోటు మీద ఏడు టన్నుల బరువు. గోళాకారం ఎందుకంటే, కోడిగుడ్డును గుప్పిట పట్టి అన్ని వైపుల నుంచీ సమంగా నొక్కితే పగలదు గదా, ఆ న్యాయం. కాని గుడ్డును ఒక్కసారి నొక్కడం వేరు. ఇక్కడ రోజుకొకసారి గోళం ఖాళీ అయినప్పుడు ఒత్తిడి పడుతుంది, నిండినప్పుడు తొలగుతుంది. యాభై ఏళ్లంటే పద్ధెనిమిది వేల సార్లు. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట పుటుక్కుమన్నట్లు, కాంక్రీటులో వెంట్రుకంత పగులు చాలు. అందులో ఉప్పునీరు చేరి లోపలి ఇనుపకమ్మిని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పగులును పెద్దది చేస్తుంది. సముద్రతీరంలో ఇళ్లు కట్టుకున్నవారు స్లాబు కింద పెచ్చులూడటం చూసే ఉంటారు.

పంపు సంగతి ఇంకా సున్నితం. గోళంలో నీరు తోడివేసినకొద్దీ పైన శూన్యం ఏర్పడుతుంది, ఎందుకంటే 700 మీటర్ల గాలిగొట్టం పైదాకా వేయడం గొప్ప తలనొప్పి, అది లేకుండా చేయాలనే వారి ప్రయత్నం. శూన్యం దగ్గర చన్నీళ్లు కూడా మరిగినట్లు బుడగలు కడతాయి. ఆ బుడగలు పంపు రెక్కల మీద చితికి, సుత్తితో కొట్టినట్లు లోహాన్ని తినేస్తాయి. బోరుబావిలో నీళ్లు తగ్గాక మోటారు గరగరలాడడం మనకు ఎరుకే. ఇక్కడ ఆ మోటారును పైకి లాగడానికి వీధి చివర మెకానిక్కు లేడు. ఓడ కావాలి, ప్రశాంతమైన సముద్రం కావాలి. కాబట్టి పంపు, టర్బైను, మోటారు అన్నీ ఒక గొట్టంలో అమర్చి, గోళాన్ని అక్కడే ఉంచి ఆ గొట్టాన్ని మాత్రం పైకి లాగేటట్లు చేయాలన్నది ఏర్పాటు. నా ఉద్దేశంలో ఈ విద్య అంతా ఆ గొట్టం మీదనే ఆధారపడి ఉన్నది. కాంక్రీటు బంతి ఎవరైనా పోయవచ్చు.

అయితే ఒక మేలు ఒప్పుకోవాలి. అక్కడ లోపల మనుషులుండరు. శ్రీశైలం ఎడమగట్టున కొండలో తొలిచిన భూగర్భ విద్యుత్ కేంద్రం ఉన్నది, ఆరు యంత్రాలు, 900 మెగావాట్లు, ఇవీ నీటిని తిరిగి తోడగలవే. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి అందులో మంటలు రేగి తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. నీటి మధ్య, రాతి మధ్య యంత్రాలను పెట్టినప్పుడు వాటిని కనిపెట్టుకొని ఉండేవారి బ్రతుకు కూడా లెక్కలోకి రావాలి.

ఉప్పునీటితో కరెంటు దాచడం జపానువారు గట్టునే చేసి చూశారు. ఒకినావా దీవిలో యన్‌బారు అనే చోట 1999లో 30 మెగావాట్ల కేంద్రం మొదలైంది. సముద్రమే దిగువ జలాశయం, 136 మీటర్ల పైన ఎనిమిది మూలల చెరువు. ఉప్పు నేలలోకి ఇంకకుండా చెరువుకు రబ్బరు పరుపు పరిచారు, గొట్టాలకు ఇనుముకు బదులు గాజునార కలిపిన ప్లాస్టిక్కు వాడారు. చిప్పపురుగులు గొట్టాలకు పట్టకుండా నానా అవస్థలు. ఇంత చేసినా, దీవిలో కరెంటు వాడకం అనుకున్నట్లు పెరగకపోవడంతో 2016లో మూసివేశారు. విద్య గెలిచింది, వ్యాపారం ఓడింది. కెనడాలో టొరంటో దగ్గర 2015లో మరొక పద్ధతి ప్రయత్నించారు. ఒంటారియో సరస్సులో 55 మీటర్ల లోతున పెద్ద బుడగలు కట్టి, కరెంటు మిగిలినప్పుడు వాటిలోకి గాలి కొట్టి, కావలసినప్పుడు ఆ గాలితో యంత్రం తిప్పుకోవడం. అక్కడా పాత గొడవే, గాలి బుడగ పైకి పోతానంటుంది, దాన్ని కిందకు పట్టి ఉంచడమే పెద్ద పని.

మరి మన బంగాళాఖాతంలో కుదురుతుందా? లోతు నీళ్ల పని మనవాళ్లకు కొత్త కాదు. కాకినాడకు ఎదురుగా కృష్ణా-గోదావరి క్షేత్రంలో 2000 మీటర్లకు మించిన లోతు నుంచి గ్యాసు తీస్తున్నారు, 2020 డిసెంబరు నుంచి. ఓడలు, తీగలు, నీటి అడుగున పనిచేసే యంత్రాలు, వాటిని నడిపే కుర్రవాళ్లు ఉన్నారు. కాని గ్యాసు బావి మూతకూ, ఇరవై వేల టన్నుల గోళానికీ పోలిక లేదు. ఆ తీరం ఎదుట అడుగున ఉన్నది యుగయుగాలుగా కృష్ణా, గోదావరులు తెచ్చిపోసిన ఒండ్రు. వరిపొలానికి వరం, పునాదికి శాపం. గోళం ఒక పక్కకు కుంగితే గొట్టం వంగుతుంది, కరెంటు తీగ తెగుతుంది. పైగా గోళాన్ని ఎక్కడో గట్టున పోసి సముద్రంలోకి తేల్చుకు పోవాలి. నీటిలో అది దాదాపు తల మునిగే తేలుతుంది, కాబట్టి రేవులో ముప్ఫై మీటర్ల లోతు కావాలి. మన తూర్పు తీరపు పెద్ద రేవుల లోతు ఇరవై మీటర్ల దగ్గర ఆగుతుంది. ఇక తుఫాన్లు. 700 మీటర్ల అడుగున తుఫాను తెలియదు, నిజమే. కాని తీగ గట్టెక్కేది గట్టునే గదా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు స్తంభాలకు పట్టిన గతి అక్కడి బంధువులను అడగండి.

ఇవన్నీ చూశాక, నా మటుకు నేను, మనకు గోళాల కంటే గట్టు మీది చెరువులే ముందు అంటాను. కాని గట్టు మీద అన్ని చెరువులూ ఒకటి కావు. శరావతి లోయలో తలకళలె, గేరుసొప్ప జలాశయాల నడుమ 2000 మెగావాట్ల పథకం తలపెట్టారు. జలాశయాలు రెండూ ఇదివరకే ఉన్నవి, కొత్తగా ముంచేది పెద్దగా లేదంటారు. నిజమే గాని, సొరంగాలు, బాటలు పోవలసింది సింహపుచ్ఛపు కోతులుండే అభయారణ్యం గుండా. ఆ అడవి కొండచరియలు విరిగిపడే నేల. అక్కడి ప్రజలు అడ్డు చెబుతున్నారంటే అభివృద్ధి గిట్టక కాదు. శరావతి కోసం ఒకసారి ఊళ్లు విడిచిన కుటుంబాలు ఆ లోయలో ఇంకా ఉన్నాయి.

ఆ పక్కన కర్నూలు సీమలో పిన్నాపురం దగ్గర మరో రకం చూడవచ్చు. 2022 మే నెలలో శంకుస్థాపన జరిగిన 1680 మెగావాట్ల పథకమది. నది మీద కాకుండా, రాతి గుట్టల మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి చెరువులు కట్టి, గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నీరు తెచ్చి నింపుకొని, ఆ నీటినే కిందకూ మీదకూ తిప్పుకోవడం. ఆవిరైనంత మళ్లీ పోసుకుంటే చాలు. రాయలసీమలో నీటి చుక్క విలువ తెలిసినవారికి ఆ ఆవిరి కూడా చిన్న లెక్క కాదు. అయినా దిగువ తొట్టిని ముందే కట్టుకొని యంత్రం దింపారు, సాగర్‌లో జరిగినదానికి ఇది తలకిందులు.

బ్యాటరీలున్నాయి గదా, ఈ చెరువులూ గోళాలూ ఎందుకని కొందరు అడగవచ్చు. రెండు గంటలకు బ్యాటరీ మంచిదే, క్షణంలో అందుకుంటుంది. కాని రాత్రంతా నడపాలన్నా, నలభై యాభై ఏళ్లు మార్చకుండా ఉండాలన్నా నీటికి సాటి వచ్చేది ఇంకా కనబడదు.

సోదరి ఉత్తరం చివర మరొక ప్రశ్న ఉన్నది, "బెంగుళూరుకు ఇది ఎప్పుడు వస్తుంది?" అని. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్లు పైన, సముద్రానికి సుమారు 300 కిలోమీటర్లు దూరాన ఉన్నది. గోళం మన వీధికి రాదు, వస్తే తీగ మీద కరెంటుగానే రావాలి. అంతకు ముందు జర్మనీవారు అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన, లాంగ్ బీచ్ దగ్గర, తొమ్మిది మీటర్ల గోళాన్ని 500-600 మీటర్ల లోతున పరీక్షిస్తామని 2024లో ప్రకటించారు. నాలుగు వందల టన్నుల బరువు, నిండితే నాలుగు వందల యూనిట్లు. ఆ ఫలితాలు పత్రికల్లో వచ్చినప్పుడు ఎన్ని యూనిట్లు ఇచ్చిందన్నది అందరూ రాస్తారు. మీరు మాత్రం మరొక అంకె కోసం వెతకండి. దించిన పంపు పైకి తీయకుండా ఎన్ని నెలలు తిరిగిందో చూడండి.